పద్నాలుగో నంబరు గొంతు

మా అత్త గొంతు తగ్గిపోయిన ఆ రెండు నెలలూ నేను సుఖంగా ఉన్నాను. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే మిగతా సంగతులు చెప్పడం తేలికవుతుంది.

రెండువేల ఆరు జనవరి. ఊళ్ళో మిరప కోతలు మొదలయ్యాయి. మా ఊరు గుంటూరు నుంచి సత్తెనపల్లి పోయే దారిలో, సత్తెనపల్లి ఇంకా ఆరు మైళ్ళుందనగా రోడ్డుకు లోపలగా ఉంటుంది. మా అత్త పున్నమ్మ తనతో కలిపి పదహారు మంది ఆడవాళ్ళ కోత ముఠాకి పెద్ద. మా చేను కోత అయ్యాక ముఠాను వెంటేసుకుని ఊళ్ళోవాళ్ళ చేలకు పోతుంది. పొద్దున్నే వీధి మొగలో నిలబడి ఆవిడ ఒక్క కేక వేసిందంటే పదిహేను ఇళ్ళ ఆడవాళ్ళూ క్యారేజీలు పట్టుకుని బయటకు వచ్చేవాళ్ళు. నేను కాపురానికి వచ్చి ఆరేళ్ళు. నా కూరలో ఉప్పు దగ్గర్నుంచి నేను చీర కట్టే తీరు దాకా అన్నీ ఆ గొంతు కిందనే నలిగాయి.

ఆ ఏడు కోతలప్పటికి ఆ కేక లేదు. ఇంటింటికీ నడిచి, తలుపు దగ్గర నిలబడి, "పదండి పోదాం" అనేది. కూరలో ఉప్పు మరిచిపోయినా తినేసి లేచేది. మా మామయ్య వీరాంజనేయులు, "పెద్దదైంది గదా, మెత్తబడింది" అన్నారు. మా ఆయన నాగేంద్రబాబుకి ట్రాక్టరు కిరాయిలతో ఇంటిపట్టున ఉండే తీరిక లేదు. "ఘాటుకి గొంతు పోయుంటది. మిరియాల కషాయం పెట్టివ్వు" అని చెప్పి పోయాడు. నేను కషాయం పెట్టిచ్చాను. ఆ గొంతు ఇలాగే ఉండిపోతే బాగుండునని మనసులో అనుకుంటూనే ఇచ్చాను.

నాకు ఆ పని దొరికింది కూడా అప్పుడే. గుంటూరులో మనసు జబ్బులకు వైద్యం చేసే ఇమాం హుస్సేన్ గారని ఒక డాక్టరు, ప్రతి గురువారం మా ఊరి ఆరోగ్య కేంద్రానికి వస్తున్నారు. ఆయనతో హారిక అని ఇంజనీరింగు చదివి పరిశోధన చేస్తున్న పిల్ల, సంచిలో లాప్‌టాపుతో దిగింది. మనిషి గొంతును కంప్యూటరులో వేసి చూసి, ఆ మనిషికి దిగులు జబ్బు ఉందేమో పసిగట్టవచ్చా అన్నది వాళ్ళ పరిశోధన. ఊళ్ళో తిరిగి గొంతులు రికార్డు చెయ్యడానికి చదువు వచ్చిన ఆడమనిషి కావాలన్నారు. నేను ఇంటర్ పాసయ్యాను. కోతలు అయ్యేదాకా, నాలుగు నెలలు నన్ను పెట్టుకున్నారు.

"దిగులు జబ్బు పట్టిన మనిషి మాట మారిపోతుంది కోటేశ్వరక్కా" అని హారిక నాకు చెప్పింది. "మాటకీ మాటకీ నడుమ ఖాళీ పెరుగుతుంది. గొంతు లేవదు, పడదు, ఒకే మట్టాన పోతుంది. చెవికి అందనంత చిన్న తేడాలు కూడా కంప్యూటరు కొలుస్తుంది."

డాక్టరు గారు మాత్రం నన్ను విడిగా కూర్చోబెట్టి రెండు మాటలు చెప్పారు. "ఇది జబ్బు తేల్చే యంత్రం కాదమ్మా. ఎవరిని ముందు పలకరించాలో చెప్తుందేమో చూస్తున్నాం, అంతవరకే. తేల్చడానికి మనిషితో మనిషి మాట్లాడాల్సిందే. రెండోది, అనుమానం వస్తే సూటిగా అడగాలి. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్నదే బయటికొస్తుంది."

నేను తల ఊపాను. అలాంటి మాట ఒకరిని అడగడం నా వల్ల అయ్యే పని కాదని తల ఊపుతూనే అనుకున్నాను.

అరచేతిలో పట్టే రికార్డరు ఒకటి ఇచ్చారు. చేయించాల్సినవి నాలుగు. ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టాలి. ఊపిరి ఉన్నంతసేపు "ఆ" అనాలి. నిన్న ఏం చేశారో చెప్పాలి. రేపు ఏం చేస్తారో చెప్పాలి. రికార్డుల మీద పేర్లు రాయకూడదు, నంబర్లే; ఏది ఎవరిదో ఉన్న జాబితా నా దగ్గరే ఉంటుంది. ముందు ఇంట్లో చేయి తిప్పుకుందామని మా అత్తనే కూర్చోబెట్టాను. ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేసింది. ఎందుకని కూడా అడగలేదు.

"నిన్న ఏం చేశావు అత్తా?"

"కోతకి పోయా. వచ్చా."

"రేపు ఏం చేస్తావు?"

ఆవిడ రికార్డరు మీద వెలిగే ఎర్ర దీపాన్ని చూస్తూ కూర్చుంది. నేను బాగా రికార్డవుతోందా లేదా అన్న కంగారులో ఉన్నాను. చివరికి, "రేపేముంది" అంది.

ఆపి, కాగితం మీద పద్నాలుగు అని నంబరు వేశాను. మొదటి పదమూడూ ఆరోగ్య కేంద్రంలో హారిక ముందే చేసి ఉంచినవి.

మూడు వారాల్లో మొత్తం అరవై మూడు గొంతులు పోగయ్యాయి. గురువారం పొద్దున నేను వెళ్ళేసరికి హారిక లాప్‌టాపు ముందు తల పట్టుకుని ఉంది. అరవై మూడింట్లో నలభై ఒకటి ఎర్రగా వచ్చాయి. అంటే ఊళ్ళో మూడింట రెండు వంతుల మందికి దిగులు జబ్బు ఉండొచ్చని కంప్యూటరు చెప్తోంది. డాక్టరు గారు అప్పటికే పాతిక మందితో మాట్లాడారు. నిజంగా జబ్బున్న వాళ్ళు ఇద్దరో ముగ్గురో తేలారు. మిగతావాళ్ళు ఆయన్నే కూర్చోబెట్టి నవ్వించి పంపారట.

"మా ప్రొఫెసరు గారు ఇక ఆపెయ్యమంటున్నారు" అంది హారిక. "పట్నంలో గదిలో కూర్చోబెట్టి రికార్డు చేసినప్పుడు బాగానే పనిచేసింది. ఇక్కడికి వచ్చాక చెడింది. నెలాఖరుకి మూటముల్లె సర్దుకోవడమే."

ఆ ఎర్ర నంబర్లు ఎవరివో నా దగ్గరున్న జాబితాలో చూశాను. కిరాణా కొట్టు ఆవిడ, టీచరమ్మ, కుట్టుమిషను నసీమున్నీసా, వీళ్ళెవరూ అందులో లేరు. ఉన్నవాళ్ళంతా కోతకు పోయేవాళ్ళూ, కల్లాల్లో కాయ తిరగేసేవాళ్ళూ.

"నువ్వు ఎప్పుడైనా మిరప కల్లంలో నిలబడ్డావా హారికా?" అని అడిగాను.

మధ్యాహ్నం మా కల్లానికి తీసుకుపోయాను. ఎండలో కాయ పరిచి ఉంది, ఆడవాళ్ళు పారలతో తిరగేస్తున్నారు. పావుగంటలో ఆ పిల్లకి తుమ్ములు, కళ్ళమ్మట నీళ్ళు. గంట గడిచేసరికి గొంతు గరగరలాడుతోంది, ఒక మాట అని ఊపిరి తీసుకుని రెండో మాట అంటోంది. అక్కడికక్కడే రికార్డరు పెట్టి ఇరవై దాకా లెక్కపెట్టించాను. ఆరోగ్య కేంద్రానికి వచ్చి కంప్యూటరులో వేస్తే హారిక గొంతు అరవై మూడు మందిలో ఎవరికీ రానంత ఎర్రగా వచ్చింది.

డాక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. "ముందు నీకు మందులు రాయాలమ్మా" అన్నారు.

"ఇది మాకు జబ్బు కాదు సార్, సీజను" అన్నాను నేను. "కోతలకి ముందు ఎవరి గొంతు ఎట్లా ఉందో తెలిస్తే గానీ, ఇప్పుడు మారింది ఘాటుకో దిగులుకో చెప్పలేరు. పట్నంలో వాళ్ళ గొంతుతో మా గొంతును పోలిస్తే ఎట్లా? ఎవరి గొంతును వాళ్ళ గొంతుతోనే పోల్చాలి."

హారిక నా వంక చూసింది. ఎర్రబడ్డ కళ్ళతో, కారుతున్న ముక్కుతో అట్లా చూస్తూనే ఉంది.

"నువ్వన్నది నిజం అక్కా. కానీ పాత గొంతులు ఎక్కడ దొరుకుతాయి?"

పాత గొంతులు సుభానీ దగ్గర దొరికాయి. సుభానీ అన్న మా ఊరి మైకుసెట్టు ఓనరు. పెళ్ళికీ, చావుకీ, పంచాయతీ సభకీ ఆయన మైకే. ఎక్కడ మైకు పెట్టినా పక్కన టేపురికార్డరు కూడా పెడతాడు. ఎందుకు పెడతావని ఎవరైనా అడిగితే, "అందరూ ఫొటోలు దాచుకుంటారు, నేను మాటలు దాచుకుంటా" అనేవాడు. ఆయన ఇంటి అటక మీంచి రెండు ట్రంకు పెట్టెలు దించాం. ఎనిమిదేళ్ళ క్యాసెట్లు. ప్రతి దాని మీదా పెన్నుతో తారీకు, ఎవరు మాట్లాడారో వరసగా పేర్లు.

నాలుగు రోజులు నేనూ, హారికా, సుభానీ అన్నా ఆ క్యాసెట్లు వింటూ కూర్చున్నాం. పేరున్న ప్రతి ఇంటికీ పోయి, వాడుకోవచ్చా అని అడిగి వేలిముద్రలు తెచ్చాను. కోత ముఠాల్లో ఇరవై ఆరుగురి పాత గొంతులు దొరికాయి. వాటికీ పేర్లు తీసి నంబర్లే వేశాను. హారిక లెక్క మార్చింది. బొంగురును వదిలేసి, మాటల మధ్య ఖాళీలనూ గొంతు ఎత్తుపల్లాలనూ మాత్రం తీసుకుని, ఒక్కొక్కరి పాత గొంతు పక్కన కొత్తది పెట్టింది. ఈసారి ఎర్రగా వచ్చినవి అయిదే.

"ఈ అయిదింట్లో నాలుగు కొంచెం కొంచెం తేడా" అంది హారిక, గీతలు చూపిస్తూ. "ఈ ఒక్కటి మాత్రం అసలు ఇద్దరు మనుషుల్లా ఉంది. పాతదాంట్లో గీత కొండలెక్కి దిగుతోంది. కొత్తదాంట్లో చూడు, నేల మీద గీసిన గీతలా ఉంది. రేపేం చేస్తారంటే పదకొండు సెకన్లు ఖాళీ. ఎవరక్కా ఈ పద్నాలుగో నంబరు?"

జాబితా చూడక్కర్లేదు నాకు.

"మా అత్త" అన్నాను.

డాక్టరు గారు రావడానికి ఇంకా మూడు రోజులుంది. ఆ పిల్ల ఆయనకు ఫోను చేసింది. "ఆగొద్దు. కోటేశ్వరినే ఇవాళ అడగమను. ఏ సంగతైనా నాకు వెంటనే చెప్పమను" అన్నారాయన.

నేను ఇంటికి పోలేదు, తిన్నగా కల్లానికే పోయాను. మధ్యాహ్నం రెండు దాటింది. అత్త ఒక్కతే చెట్టునీడన కూర్చుని, కాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరుతోంది. పక్కన కూర్చుని నేనూ ఏరడం మొదలుపెట్టాను.

"అత్తా."

"ఊఁ."

"ఒక మాట అడుగుతా. కోప్పడకు."

కోప్పడే ఓపిక ఆవిడలో మిగిలి ఉంటే నేను ఆ మాట అడగాల్సిన పనే ఉండేది కాదు.

"చచ్చిపోవాలని అనిపిస్తోందా నీకు?"

ఆవిడ చెయ్యి ఆగలేదు. ఒక తాలుకాయ తీసి పక్కన వేసింది. ఇంకొకటి తీసింది.

"ఎవరు చెప్పారు నీకు?"

"నువ్వే చెప్పావు. టేపులో."

"నేనేం చెప్పలా."

"రేపేం చేస్తావంటే చాలాసేపు మాట్లాడలా నువ్వు."

ఆవిడ చేతిలో కాయను తిప్పి చూసి, మంచిదే కావడంతో తిరిగి రాశిలో వేసింది. అప్పుడు చెప్పింది. పత్తి తీతలప్పట్నుంచి ఇట్లా ఉందంది. కారణం ఫలానా అని ఏమీ లేదంది. "పొద్దున లేచేసరికి ఒళ్ళు తడిసిన గోనెసంచిలా ఉంటది. మీరందరూ గోడకవతల మాట్లాడుతున్నట్టు వినపడతారు. నేను లేకపోతే ఇల్లు తేలిగ్గా నడుస్తదనిపిస్తది. నా గొంతు తగ్గాక నువ్వు కూడా సుఖపడ్డావు గదా."

ఆ చివరి మాట నింద వేసినట్టు అనలేదు. ఎండ కాస్తోంది అన్నట్టు అంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆరేళ్ళలో అదే మొదటిసారి. మా ఇద్దరి వేళ్ళూ మండుతున్నాయి.

"కోటేశ్వరీ" అంది కాసేపటికి. "గొడ్లచావిడి పక్కన పురుగుమందు డబ్బాల గది ఉంది చూడు. దానికి తాళం వేయించు. తాళంచెవి ఎక్కడ పెట్టారో నాకు చెప్పొద్దు."

ట్రాక్టరుతో పొలంలో ఉన్న మా ఆయనకు కబురు పంపాను. అరగంటలో వచ్చాడు. గదికి తాళం వేసి, ఆ తాళంచెవి సుభానీ అన్న ఇంట్లో ఇచ్చి వచ్చాడు. తిరిగొచ్చి వాళ్ళమ్మ పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ మనిషి అంతసేపు కదలకుండా కూర్చోవడం నేను ఎన్నడూ చూడలేదు. సాయంత్రం దాకా ఇద్దరిలో ఒకరం ఆవిడను విడిచి పోలేదు.

ఫోనులో సంగతి చెబితే డాక్టరు గారు పొద్దున్నే గుంటూరు తీసుకురమ్మన్నారు. కష్టమైంది మా మామయ్యతోనే. గుంటూరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తామంటే ఆయన మంచం మీంచి లేచి నిలబడ్డారు.

"పిచ్చి డాక్టరు దగ్గరికా? రేపు ఊళ్ళో తలెత్తుకుని తిరగాలా వద్దా? ఏం తక్కువైంది దానికి? తిండా, గుడ్డా?"

మా ఆయన వాదించబోయాడు. నేను వద్దని సైగ చేసి, వీధి చివర గదిలో ఉంటున్న హారికను పిలుచుకొచ్చాను. అత్తను అడిగాం, మామయ్యకు వినిపించొచ్చా అని. తల ఊపింది. హారిక ముందు పాతది పెట్టింది. మూడేళ్ళ కిందటి పంచాయతీ సభ, వీధి కుళాయి గొడవ. మైకు లాక్కుని మా అత్త, సర్పంచి దగ్గర్నుంచి పంపు ఆపరేటరు దాకా ఒక్కొక్కరినీ పేరు పెట్టి కడిగేసింది. జనం నవ్వులు, చప్పట్లు. వెనకాల ఎక్కడో మా మామయ్య గొంతు, "చాల్లేవే, దిగు" అంటోంది. ఆయనకు తెలియకుండానే మీసం కింద నవ్వొచ్చింది.

తర్వాత కొత్తది పెట్టింది. "కోతకి పోయా. వచ్చా." ఖాళీ. ఆ ఖాళీ అంతసేపూ మామయ్య ఆ చిన్న యంత్రాన్నే చూశారు. "రేపేముంది."

"ఎవరిదిది?" అన్నారాయన.

ఆయన మంచం మీద కూర్చుని, "మొదటి బస్సు ఎన్నింటికి?" అని అడిగారు.

డాక్టరు గారి గదిలో కూడా ఆయన అదే మాట తెచ్చారు. ఏం తక్కువైందని ఈమెకు ఇట్లా వచ్చిందండీ అన్నారు.

"మిరప మొక్కకి ఆకుముడత వస్తే, ఏం తక్కువ చేశానని మొక్కనడుగుతారా?" అన్నారు డాక్టరు గారు.

"మొక్క మాట్లాడదు గదండీ."

"ఈవిడా మాట్లాడటం మానేసింది గదా వీరాంజనేయులు గారూ. తెగులు చూసి మందు కొట్టడమే మన పని."

రోజుకో మాత్ర, గురువారం గురువారం మాటలు. గుణం కనిపించడానికి మూడు వారాలైనా పడుతుందని ముందే చెప్పారు. పది రోజులయ్యేసరికి మామయ్యకు ఓపిక పోయింది, ఏమీ లేదని గొణిగారు. అయినా మాత్ర మాత్రం ఆయనే గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చేవారు. అత్త ముఠా పనికి పోవడం మానలేదు. ఊళ్ళో సంగతి దాగలేదు. ముఠాలో బసవమ్మ ఒకరోజు, "ఏందక్కా, నీకు బుర్ర బాగు చేయిస్తన్నారంట" అంది. అత్త కోస్తున్న చెట్టు మీంచి తల తిప్పకుండా, "ఔను. నీకు నిద్ర పట్టటం లేదన్నావుగా, గురువారం నాతో రా" అంది. గురువారం బసవమ్మ వచ్చింది. ఎర్రగా వచ్చిన అయిదుగురిలో ఆవిడ నంబరు కూడా ఉందని అత్తకు తెలియదు.

ప్రతి శుక్రవారం ఆవిడ గొంతు రికార్డు చేసేదాన్ని. మూడో వారం గీత కొంచెం కదిలింది. నాలుగో వారం రేపేం చేస్తావంటే, "ఉతకాల్సిన దుప్పట్లున్నయ్" అంది. హారిక ఆ ముక్కను నాలుగుసార్లు వేసుకుని విన్నది. దుప్పట్ల మీద అంత సంతోషపడ్డ మనిషిని నేను చూడలేదు.

ఏప్రిల్ మొదటి వారం. ఊరి పంటంతా కల్లాల్లో ఉంది. మా కాయ ఆరిపోయింది, ఎల్లుండి గుంటూరు యార్డుకు తోలాలి. మధ్యాహ్నం మూడింటికి పడమట మబ్బు నల్లగా లేచింది. ఎండిన మిరపకాయకు ఒక్క వాన తగిలితే నల్లబడి బూజు పడుతుంది. ఏడాది కష్టం కళ్ళముందు కుళ్ళిపోతుంది. మా ఆయనా మామయ్యా టార్పాలిన్ పట్టాలకోసం ఇంటికి పరుగెత్తారు. కల్లంలో నేను, అత్త, ఆరోజు కల్లం చూడటానికి వచ్చిన హారిక. ముగ్గురమే. కాయ అరెకరం మేర పరిచి ఉంది. ముఠా అంతా కాలవ అవతల వేరే చేలో ఉంది.

అత్త మబ్బును చూసింది. కాయను చూసింది. కొంగు నడుముకు బిగించి కల్లం గట్టెక్కింది.

"ఒసే బసవా. అందర్నీ తీసుకుని రండే. వానొస్తంది. ఆ చేను ఎక్కడికీ పోదు, రండే."

కాలవ అవతల వంగి ఉన్న పదిహేను వీపులూ ఒక్కసారి లేచాయి. చీరలు ఎగదోపుకుని కాలవలోకి దిగి పరుగెత్తుకొచ్చారు. మగవాళ్ళిద్దరూ పట్టాలతో వచ్చేశారు. తర్వాత అర్ధగంట ఆవిడ గొంతు తప్ప నాకు ఇంకేమీ జ్ఞాపకం లేదు. నువ్వు పార పట్టు, నువ్వు అటు నుంచి తొయ్యి, పట్టా అంచు మీద రాయి పెట్టు, ఆ పక్క చెరువవుద్ది మట్టి తియ్యి. పక్క కల్లం బుల్లయ్య గారు ఒక్కరే నానా తంటాలు పడుతుంటే, మా రాశి సగం కప్పగానే సగం మందిని అటు తోలింది. హారిక మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో కాయ ఎగదోస్తోంది. "చేతులతో కాదే పట్నం పిల్లా, చేట తీసుకో" అని దానికీ పడింది. చివరి పట్టా మీద రాయి పెడుతుండగా చినుకులు మొదలయ్యాయి. తర్వాత కుంభవృష్టి.

అందరం పాకలోకి దూరాం. తడిసి ముద్దయి, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుతున్నాం. మా మామయ్య గుమ్మం దగ్గర నిలబడి వానలో కప్పిన రాశులను చూస్తున్నారు. ఒక్క బస్తా కూడా తడవలేదు, మాదీ, బుల్లయ్య గారిదీ. అత్త జుట్టు పిండుకుంటూ నన్ను చూసి, "పట్టా మడత ఎట్లా వెయ్యాలో ఆరేళ్ళయినా రాలేదు నీకు" అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"నేర్పు మరి" అన్నాను. నేర్పింది. ఆరోజు నుంచి తిట్టినప్పుడల్లా పక్కన కూర్చుని నేర్పేది. నేను కూడా నచ్చని మాటకు నచ్చలేదని ఎదురు చెప్పడం నేర్చుకున్నాను. మా ఇల్లు మునుపటి కంటే పెద్ద గొంతులతో నిండిపోయింది.

"రికార్డు చెయ్యాల్సింది" అంది హారిక ఆ సాయంత్రం, మండే చేతులకు వెన్న రాయించుకుంటూ. "అసలు గుర్తే రాలేదు."

మే నెలాఖరున గుంటూరులో ఒక హాల్లో డాక్టర్ల సమావేశం జరిగింది. ఇమాం హుస్సేన్ గారు అత్తనూ నన్నూ రమ్మన్నారు. సీజను పొడుగునా ఎవరి గొంతును వాళ్ళ గొంతుతోనే పోల్చి చూస్తే, తను విడిగా పరీక్షించి జబ్బుందని తేల్చిన తొమ్మిది మందిలో ఎనిమిది మందిని కంప్యూటరు ముందే చూపించిందని ఆయన చెప్పారు. జబ్బు లేకుండానే ఎర్రగా వచ్చినవాళ్ళు ఇద్దరే. తొమ్మిది మందికీ వైద్యం జరుగుతోంది, తొమ్మిది మందీ పనుల్లో ఉన్నారు. ఈ ఉపాయం కోటేశ్వరి అనే ఆమెదని, ఆమె ఇక్కడే ఉందని నన్ను లేపి నిలబెట్టారు. హారిక ప్రొఫెసరు గారు, ఆపెయ్యమన్న పెద్దాయన, నా దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టి, వచ్చే ఏడు ప్రత్తిపాడు వైపు పది ఊళ్ళలో పని మొదలుపెడతామని, అక్కడి ఆడవాళ్ళకు నేను నేర్పాలని అడిగారు.

వెనక వరసలో ఒకాయన లేచి, ఇరుగుపొరుగు కనిపెట్టలేనిది యంత్రం కనిపెట్టడం ఏమిటి, అవసరమా అన్నారు. డాక్టరు గారు జవాబు చెప్పబోతుంటే మా అత్త లేచింది.

"కనిపెట్టొచ్చు బాబూ. ఇంట్లో ముగ్గురున్నారు, ముఠాలో పదిహేను మంది ఉన్నారు. ఎవరూ వినలా. ముందు ఆ పెట్టె విన్నది, తర్వాత ఈ పిల్ల విన్నది. ఏది ముందయితే ఏముంది, నేనున్నాను."

ఆయన కూర్చున్నారు. మైకు లేకుండానే ఆ మాటలు ఆఖరి వరస దాకా వినిపించాయి.

సాయంత్రం నాలుగింటికి మాచర్ల బస్సెక్కాం. పేరేచర్ల దాటాక కండక్టరు టిక్కెట్లు కొడుతూ వచ్చాడు. మా ముందు సీట్లో ముప్ఫై ఏళ్ళ మనిషి ఒకతె, ఒళ్ళో సంచి పెట్టుకుని ఒక్కతే కూర్చుని ఉంది. "పిడుగురాళ్ళ" అంది. కండక్టరుకి వినపడక మళ్ళీ అడిగాడు. "పిడుగురాళ్ళ" అని మళ్ళీ అదే మట్టాన అంది.

అత్త నా మోచేతిని పొడిచింది. "విన్నావా?"

"విన్నా."

ఆవిడ లేచి, కడ్డీ పట్టుకుని ముందుకు పోయి, ఆ మనిషి పక్కన కూర్చుంది. ఏ ఊరమ్మా మనది, అని మొదలుపెట్టింది. జవాబు రాలేదు. తొందరపడలేదు అత్త. సంచిలోంచి సపోటాలు తీసి, ఒకటి తను ఒలుచుకుని ఒకటి ఆమె చేతిలో పెట్టింది. మేడికొండూరు దాటింది. ఆమె సపోటా తినలేదు, పట్టుకునే కూర్చుంది. ఇంకొంత దూరం పోయాక, కిటికీ వైపు తిరిగి ఉన్న ఆ తల మెల్లగా ఇటు తిరిగింది.

మా స్టేజీ వచ్చింది. కండక్టరు ఊరి పేరు అరిచాడు. నేను సంచి అందుకుని లేచాను. అత్త వెనక్కి తిరక్కుండానే, కూర్చోమన్నట్టు చేత్తో సైగ చేసింది. ముందు సీట్లో ఆ మనిషి మాట్లాడుతోంది. ఏమంటోందో వినపడటం లేదు గానీ, ఆగకుండా మాట్లాడుతోంది.

కండక్టరును పిలిచి ఇద్దరికీ సత్తెనపల్లి దాకా టిక్కెట్లు కొట్టమన్నాను. కాసేపటికి అత్త చెయ్యి వెనక్కి చాచి, "డాక్టరు గారి నంబరు రాసియ్యి" అంది. నా టిక్కెట్టు వెనకాల రాసి, ఆ చేతిలో పెట్టాను.